మెత్తని కోడికి మేత దక్కుతోందా?

పెరటి మందలో సిల్కీ, కొచ్చిన్ వంటి ముచ్చట కోళ్లను కలిపి పెంచేవారికి సూచనలు

"సిల్కీ జత కొనుక్కొచ్చామండీ. కుందేలుపిల్లల్లా ముద్దుగా ఉన్నాయి. టీకా వేయించాం. నాటుకోళ్లతో పాటే మేత వేస్తున్నాం. నెల తిరక్కుండానే పెట్ట తేలిపోయి చచ్చింది. మిగతా కోళ్లు నిక్షేపంలా ఉన్నాయి. ఇదేం తెగులో?"

పటమట, కానూరు, పోరంకి, పెనమలూరు వైపు రెండు మూడు సెంట్ల పెరట్లో కోళ్లు పెంచుకునే ఇళ్లలో ఇలాంటి మాట వినిపిస్తుంటుంది. దీనికి జవాబు చాలాసార్లు మందుల షాపులో దొరకదు. కొక్కెర తెగులు లాంటిది వస్తే మందలో వరసగా కోళ్లు తగులుకుంటాయి. ఒక్క మెత్తని కోడే రోజురోజుకూ ఎండిపోయి చస్తే ముందుగా అనుమానించాల్సింది ఆకలిని. తొట్టి నిండా మేత ఉంది. కానీ ఆ కోడి ముక్కు దాకా రాలేదు. పక్క కోళ్లు రానివ్వలేదు.

"మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి" అని మనవాళ్లు ఊరకే అనలేదు. అది కోళ్ల మందకు అక్షరాలా వర్తిస్తుంది. కాబట్టి ఈ ముచ్చట కోళ్లు పెంచాలనుకునే రైతు సోదరులు, ముఖ్యంగా పెరటి కోళ్లను చూసుకునే అక్కచెల్లెళ్లు, రోగాల కంటే ముందు ఈ పోరు సంగతి తెలుసుకోవాలి.

ఏవి ఈ కోళ్లు?

సిల్కీ కోడి పుట్టిల్లు చైనా. 13వ శతాబ్దంలో ఆ దేశం తిరిగిన మార్కోపోలో, అక్కడ పిల్లిబొచ్చు లాంటి బొచ్చున్న నల్ల కోళ్లున్నాయని రాశాడు. మన తీరంలోని మోటుపల్లి రేవును, కాకతీయ రుద్రమదేవి పాలనను గురించి రాసిన మార్కోపోలో ఇతనే. మామూలు కోడి కాలికి నాలుగు వేళ్లుంటే సిల్కీకి ఐదు ఉంటాయి. చర్మం, ఎముకలు నల్లగా ఉంటాయి. ఈక కొసల్లో ఒకదాన్నొకటి పట్టి ఉంచే కొక్కేలు లేకపోవడంతో ఈకలు విడిపోయి దూది పింజల్లా కనిపిస్తాయి. అందువల్లే ఇది ఎగరలేదు. వానలో తడిస్తే నీరు జారిపోదు. బరువు సాధారణంగా కిలో, కిలోన్నర మధ్య ఉంటుంది.

నల్ల మాంసం ఉన్నంత మాత్రాన ఇది కడక్‌నాథ్ కాదు. కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కోడి. దాని మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈకలు మామూలుగానే ఉంటాయి. చురుకైన కోడి, తన మేత తాను దక్కించుకోగలదు.

కొచ్చిన్ పేరు చూసి కేరళ కోడి అనుకుంటారు. ఇదీ చైనా కోడే. 1840 దశకంలో ఇంగ్లండు చేరి అక్కడివారికి పిచ్చి పట్టించింది. శరీరం బంతిలా గుండ్రంగా, కాళ్లకు వేళ్ల దాకా ఈకలతో ఉంటుంది. బ్రహ్మ కోడి కూడా కాళ్లకు ఈకలున్న భారీ కోడి. పోలిష్ కోడికి నెత్తిన పెద్ద జుట్టు పువ్వులా విచ్చుకుని ఉంటుంది. ఇవన్నీ చాలావరకు నెమ్మదైన కోళ్లు. చేతిలోకి తీసుకుంటే కదలకుండా కూర్చుంటాయి. పిల్లలకు సరదా. అదే సుగుణం మందలో వాటికి శాపం.

మందలో పెద్దరికం

కోళ్లు కలిసి మేస్తున్నాయంటే సమానంగా ఉన్నాయని కాదు. నార్వే దేశస్థుడు థోర్లీఫ్ షెల్డెరప్ ఎబ్బె కోళ్లను ఏళ్ల తరబడి గమనించి 1921లో ఒక సంగతి ప్రకటించాడు. ప్రతి మందలోనూ ఎవరు ఎవరిని పొడవాలో ఒక వరస ఉంటుంది. మొదటి కోడి అందరినీ పొడుస్తుంది. చివరి కోడి అందరి చేతా పొడిపించుకుంటుంది. మేత, నీళ్లు, గుడ్డు పెట్టే చోటు, రాత్రి వాలే కర్ర, అన్నీ ఆ వరస ప్రకారమే దక్కుతాయి.

కొత్త కోడి వస్తే ఈ వరస మళ్లీ తేలాలి. నాటు పెట్టయితే నాలుగు పోట్లు తిని, రెండు పొడిచి, ఎక్కడో ఒకచోట కుదురుకుంటుంది. సిల్కీ ఎదురు తిరగదు. జుట్టు కళ్ల మీద పడడంతో పక్కనుంచి వచ్చే పోటు కనిపించదు. పారిపోవడానికి ఎగరలేదు. పైగా సిల్కీ, పోలిష్ కోళ్లలో చాలా వాటికి నడినెత్తిన పుర్రె బొడిపెలా లేచి ఉంటుంది. అక్కడ ఎముక పూర్తిగా మూసుకోని చోటు ఉండొచ్చు. మామూలు కోడికి గాయం మాత్రమే అయ్యే పోటు వీటికి ప్రాణం మీదికి తెస్తుంది. నెత్తి మీద దెబ్బ తిన్న సిల్కీ మెడ వంకర తిప్పుకుని గిరగిరా తిరుగుతుంది. కొక్కెర తెగులులోనూ మెడ వంకర తిరుగుతుంది కాబట్టి పొరబడకుండా పశువైద్యుడికి చూపించాలి.

సాయంత్రం తడిమి చూడండి

నాటుకోడి చిక్కిపోతే దూరం నుంచే తెలుస్తుంది. సిల్కీ చిక్కితే తెలియదు. బొచ్చు చాటున ఎముకలు దాక్కుంటాయి. "నిన్నటిదాకా బొద్దుగా ఉంది, ఇవాళ చచ్చింది" అనేది ఇందుకే. కంటితో చూసి మోసపోవద్దు. చేత్తో తడిమి చూడాలి.

చీకటి పడి కోళ్లు గూటికి చేరాక ముచ్చట కోడిని చేతిలోకి తీసుకోండి. మెడ కింద, రొమ్ముకు కుడి పక్కగా మేతసంచి ఉంటుంది. రోజంతా మేసిన కోడికి అది నిండుగా, కాస్త మెత్తగా చేతికి తగలాలి. ఖాళీగా వేలాడుతుంటే ఆ రోజు మేత దక్కలేదని అర్థం. తర్వాత రొమ్ము మధ్య ఎముకను తడమండి. రెండు పక్కలా కండ ఉండాలి. ఎముక కత్తి అంచులా తగిలితే ఆకలి కొన్ని వారాలుగా సాగుతున్నట్టే.

వరసగా రెండు సాయంత్రాలు సంచి ఖాళీగా ఉంటే ఆ కోడిని వెంటనే వేరు చేసి మేత పెట్టండి. ఆబగా తింటే జబ్బు లేదు, పోరే కారణం. మేత ముందు పెట్టినా తినకుండా మునగదీసుకుంటే అప్పుడు తెగులును అనుమానించాలి. సాయంత్రం నిండిన సంచి తెల్లవారేసరికి ఖాళీ కావాలి. తెల్లారినా గట్టిగా రాయిలా ఉంటే పీచు గడ్డి, ప్లాస్టిక్ ముక్కలు అడ్డుపడ్డాయేమో పశువైద్యుడికి చూపించాలి.

వారానికోసారి వంటింటి కాటాలో తూచి కాలెండరు మీద రాసుకుంటే ఇంకా మంచిది. గుడ్లు పొదుగుతున్న పెట్టను మినహాయిస్తే, రెండు వారాలు వరసగా బరువు తగ్గిన కోడి ఆపదలో ఉన్నట్టే లెక్క.

దేనితో దేన్ని కలపాలి?

అసీల్‌తో కలపవద్దు. అసీల్ మన ఆంధ్ర ప్రాంతానికి సొంతమైన జాతి. దాని నడక, నిలువు, రంగుల పేర్లు మన డెల్టా రైతుకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కానీ పొడుచుకోవడం దాని రక్తంలోనే ఉంది. పుంజే కాదు, అసీల్ పెట్ట కూడా ఊరుకోదు. చిన్న పిల్లలు సైతం తమలో తాము కొట్టుకుంటాయి. కట్టేసిన పుంజు తాడు తెంచుకుంటే సిల్కీకి మొదటి నిమిషంలోనే ముగిసిపోతుంది. అసీల్ ఉన్న ఇంట్లో ముచ్చట కోళ్లకు విడిగా జాలీ గూడు ఉంటేనే తేవాలి.

గిన్నెకోళ్లు, టర్కీలు కూడా తగిన తోడు కాదు. గిన్నెకోళ్లు గుంపుగా తరుముతాయి. బాతులు పొడవవు గాని నీళ్ల తొట్టిని బురద చేసి నేలంతా తడుపుతాయి. కాళ్లకు ఈకలున్న కొచ్చిన్, బ్రహ్మలకు ఆ తడి చేటు. బాతులుంటే వాటి నీళ్లు దడి అవతల పెట్టాలి.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు నాటుకోళ్ల కన్నా కొంత నెమ్మదైనవి. వీటితో ముచ్చట కోళ్లు సర్దుకోగలవు. అయితే పిల్లలుగా ఉన్నప్పటి నుంచి కలిసి పెరిగితేనే సుఖం. పెద్ద వనరాజా పుంజును మాత్రం సిల్కీ పెట్టల దగ్గర ఉంచవద్దు. మూడు కిలోలు దాటిన పుంజు కిలో పెట్ట మీదికెక్కితే వీపు చీరుకుపోతుంది.

నాటు పెట్టలన్నీ గయ్యాళివి కావు. మందలో ఒకటి రెండు మాత్రమే పనిగట్టుకుని పొడుస్తుంటాయి. ఆ ఒక్కదాన్ని నాలుగైదు రోజులు గంప కింద వేరుగా ఉంచి వదిలితే దాని పెద్దరికం తగ్గుతుంది. దెబ్బ తిన్న కోడిని వేరు చేయడంతో పాటు కొట్టే కోడినీ వేరు చేయాలన్న సంగతి చాలామందికి తోచదు.

ముచ్చట కోళ్లలోనూ రెండు పుంజులు ఒకచోట ఇమడవు. నాలుగైదు పెట్టలకు ఒక పుంజు చాలు. పెట్ట ఒకటే ఉంటే పుంజు వద్దు.

కొత్త కోడిని తెచ్చినప్పుడు

ఒంటరి కోడిని తేవద్దు. మంద మొత్తం దాని మీదే పడుతుంది. కనీసం మూడింటిని, ఒకే వయసువి తేవాలి. పోట్లు పంచుకుంటాయి, ఒకదానికొకటి తోడుంటాయి.

తెచ్చిన వెంటనే మందలో వదలవద్దు. మొదటి మూడు నాలుగు వారాలు పాత కోళ్లకు దూరంగా, ఇంటికి మరో వైపు ఉంచాలి. సంత నుంచో, అమ్మేవారి పంజరం నుంచో వచ్చే కోడి తనతో పాటు తెగులును తేవచ్చు. ఈ రోజుల్లో పాత కోళ్లకు ముందు మేత పెట్టి, ఆ తర్వాతే కొత్త వాటి దగ్గరకు వెళ్లాలి. చేతులు, కాళ్లు కడుక్కోవాలి. నీళ్ల తొట్లు కలపకూడదు.

తర్వాత వారం, పది రోజులు పాత గూటి పక్కనే జాలీ వేసి ఉంచాలి. ఒకదాన్నొకటి చూస్తాయి, పొడవలేవు. జాలీకి రెండు వైపులా దగ్గర దగ్గరగా మేత పెట్టండి. పక్కపక్కనే తినడం అలవాటవుతుంది.

ఆ తర్వాత సాయంత్రం పూట, గూటికి చేరే వేళ కలపాలి. చీకట్లో కోళ్లు పోట్లాడవు. తెల్లవారి మీరు దగ్గర ఉండి, గూడు తలుపు తెరిచి, పెరట్లో రెండు మూడు చోట్ల గింజలు చల్లాలి. ఆకుకూర కట్ట ఒకటి ఎత్తున వేలాడదీస్తే పాత కోళ్ల దృష్టి దాని మీదికి పోతుంది. మొదటి రోజుల్లో చిన్న పోట్లు సహజం. రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే విడదీయాలి. రక్తం చూస్తే నెమ్మదైన కోడి కూడా పొడవడానికి వస్తుంది.

మేత: తొట్లు రెండు, దారులు రెండు

ఉన్న మేత తొట్టిని పెద్దది చేయడం కంటే రెండు చిన్నవి పెట్టడం మేలు. ఒకదాని నుంచి చూస్తే రెండోది కనిపించకూడదు. అరటి బోదె వెనకో, తాటాకు తడిక వెనకో ఉంచండి. పెద్ద కోడి ఒకేసారి రెండు చోట్ల కాపలా కాయలేదు. పెద్ద కోడికి తొట్టి అంచు పది సెంటీమీటర్లు, అంటే నాలుగంగుళాలు ఉండాలన్నది మామూలు లెక్క. కలగూర మందకు అంతకు రెట్టింపు ఇవ్వండి. నీళ్ల తొట్లూ రెండు ఉండాలి. ఎండాకాలంలో మేత దక్కకపోతే కోడి కొన్ని రోజులు బతుకుతుంది, నీళ్లు దక్కకపోతే ఆ పూటే పోతుంది.

మరో ఉపాయం. వెదురు బద్దలతో ఒక దడి గూడు కట్టి, సిల్కీ దూరేంత సందు మాత్రమే వదలండి. లోపల మేత పెట్టండి. కోడిపిల్లలకు మన పెద్దవాళ్లు ఇలాగే చేసేవారు. సిల్కీ, నాటు పెట్ట ఒకే సైజులో ఉంటే ఈ ఉపాయం పనిచేయదు. అప్పుడు ముచ్చట కోళ్లను ఉదయం అరగంట ముందు, సాయంత్రం అరగంట ముందు విడిగా తినిపించి తర్వాత కలపాలి.

కళ్ల మీద పడే జుట్టు ఈకలను చిన్న కత్తెరతో కత్తిరించండి. పచ్చి ఈకల మొదళ్లు తెగితే రక్తం వస్తుంది కాబట్టి కొసలు మాత్రమే తీయాలి. అందం కొంచెం తగ్గుతుంది. కానీ కోడికి మేత కనిపిస్తుంది, వచ్చే పోటు కనిపిస్తుంది.

సిల్కీ రోజుకు 60 నుంచి 80 గ్రాముల మేత తింటుంది. పెరట్లో దొరికే పురుగు, గడ్డి మీద వదిలేస్తే సరిపోదు. నాటుకోడిలా ఇది దిబ్బలు తిరగేసి, గట్లు దాటి తిని రాలేదు. ఇంట్లో కలుపుకునేవారు పది కిలోల మేతకు నూకలు గాని మొక్కజొన్న రవ్వ గాని 5 కిలోలు, తవుడు 2 కిలోలు, వేరుసెనగ చెక్క లేదా సోయా చెక్క 2 కిలోలు, ఉప్పు తక్కువున్న ఎండుచేపల పొడి 700 గ్రాములు, ఖనిజ లవణ మిశ్రమం 300 గ్రాములు కలపవచ్చు. గుడ్లు పెట్టే పెట్టలకు గుల్లల పొడి వేరే మూకుడులో ఉంచాలి. చెక్క బూజు పట్టి ఉంటే ఎంత ఖరీదైనా పారేయండి. ఆ బూజు విషం కోళ్ల కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

గూడు

నాటుకోడి చెట్టెక్కి పడుకుంటుంది. సిల్కీ నేల మీదే మూల చూసుకుని ముడుచుకుంటుంది. పైన కర్ర మీద వాలిన కోళ్ల రెట్టంతా దాని మీద పడుతుంది. అందుకని ముచ్చట కోళ్లకు అడుగు ఎత్తున వెడల్పాటి బల్ల ఒకటి వేసి, ఎక్కడానికి వాలుగా చెక్క పెట్టాలి. పై కర్రలు ఆ బల్లకు సూటిగా రాకుండా చూడాలి. గూట్లో కోడికి రెండు చదరపు అడుగులు ఇవ్వడం మామూలు లెక్క. కలిసి ఉండే చోట మూడు, నాలుగు అడుగులు ఇస్తే పోట్లు సగం తగ్గినట్టే.

మన నేల నల్లరేగడి. వానాకాలంలో పెరడంతా అడుసు. గూడు నేల అడుగున్నర ఎత్తు లేపాలి. పైన రెండంగుళాల మందాన వరి ఊక పరిచి, తడిసినప్పుడల్లా మార్చాలి. చూరు రెండు మూడు అడుగులు ముందుకు రావాలి. మేత, నీళ్లు చూరు కిందే ఉండాలి. కాళ్ల ఈకలకు అంటిన బురద ఎండి గడ్డలు కడితే కోడి నడవలేదు. గోరువెచ్చని నీటిలో నానబెట్టి తీయాలి గాని లాగకూడదు.

వానలో తడిసిన సిల్కీని అలాగే గూట్లో వదలవద్దు. గుడ్డతో తుడిచి గంప కింద బల్బు వెలుగులో ఆరబెట్టండి. తడి బొచ్చుతో రాత్రి గడిపితే జలుబు, ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్లు మునిగిన సంగతి మనకు తెలుసు. అలాంటి వేళ నాటుకోడి గోడెక్కి కూర్చుంటుంది. ఎగరలేని కోడి గూట్లోనే మునుగుతుంది. తుపాను హెచ్చరిక వినగానే ముచ్చట కోళ్లను గంపల్లో పెట్టి ఇంటి పై చూరు కిందికో మేడ మీదికో చేర్చాలి.

ఎండలు ముదిరితే, ముఖ్యంగా రోహిణి కార్తెలో, బొచ్చు కోళ్లు దుప్పటి కప్పుకున్నట్టే. నోరు తెరిచి ఎగరొప్పుతుంటే ఆలస్యం చేయవద్దు. నీడలోకి తెచ్చి కాళ్లు చల్లటి నీళ్లలో ముంచాలి. ఉదయం ఏడులోపు, సాయంత్రం ఐదు తర్వాత మేత పెట్టాలి. మట్టికుండలో నీళ్లు పెట్టి రెండు మూడుసార్లు మార్చాలి. అరటి, కొబ్బరి చెట్ల నీడన తడి ఇసుక పోస్తే హాయిగా కూర్చుంటాయి.

గూటికి సన్నకన్ను ఇనుప జాలీ కొట్టించాలి. ముంగిస, బావురుపిల్లి, పందికొక్కు నెమ్మదైన కోడినే ముందు ఎంచుకుంటాయి.

లాభం ఎక్కడుంది?

గుడ్ల కోసమైతే సిల్కీ తేవద్దు. పొదుగుడు ఆగకుండా వస్తుంది కాబట్టి ఏడాదికి వంద గుడ్లు పెడితే ఎక్కువ. అవీ చిన్నవి. పెరటి పెంపకంలో గ్రామప్రియ 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. ఇంటి ఖర్చు నడిపే కోళ్లను తీసేసి ముచ్చట కోళ్లు నింపుకోవడం తెలివైన పని కాదు. పదిహేను కోళ్ల మందలో మూడు, నాలుగు చాలు.

వీటి అసలు విలువ పొదుగులో ఉంది. వనరాజా, గ్రామప్రియ లాంటి కోళ్లు పొదగవు. ఆ గుడ్లను సిల్కీ కింద పెడితే తన గుడ్లలాగే పొదుగుతుంది. చిన్న శరీరం కాబట్టి ఆరు నుంచి ఎనిమిది నాటు గుడ్లకు మించి పెట్టకూడదు. కోడి గుడ్లకు 21 రోజులు, గిన్నెకోడి గుడ్లకు 26 నుంచి 28 రోజులు పడుతుంది. పొదిగే పెట్టను మందలో ఉంచితే మిగతావి దాని గూట్లోకి దూరి గుడ్లు పెడతాయి, తరిమేస్తాయి. విడిగా గంప కింద ఉంచి రోజుకోసారి లేపి మేత, నీళ్లు ఇవ్వాలి. మన పొదుగు పెట్టలు సిల్కీలయితే మిగతా కోళ్లు గుడ్ల పనిలో ఉంటాయి. లాభం లెక్క ఇదీ.

సిల్కీ పిల్లలు అమ్ముకోవచ్చనుకునేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. సిల్కీ పెట్టకు నాటు పుంజు తగిలితే పుట్టే పిల్లలకు మామూలు ఈకలే వస్తాయి. పట్టులాంటి బొచ్చు రావాలంటే తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ గుణం అందాలి. ఐదో వేలు మాత్రం కలగలుపు పిల్లలకూ రావచ్చు. కాబట్టి ఐదు వేళ్లు చూపించి "అసలు సిల్కీ పిల్ల" అని అమ్మితే నమ్మవద్దు. కొన్ని వారాల తర్వాత ఈకలు వచ్చాకే తేలుతుంది. వీలైతే తల్లిదండ్రుల జతను చూసి కొనండి. పుంజు కలిసిన తర్వాత రెండు వారాలకు పైగా పెట్ట కడుపులో దాని ప్రభావం నిలిచి ఉంటుంది. అందుకని స్వచ్ఛమైన పిల్లలు కావాలంటే సిల్కీ పెట్టలను నాటు పుంజుకు మూడు వారాలు దూరంగా ఉంచిన తర్వాతి గుడ్లనే పొదగేయాలి.

తెగుళ్లు, టీకాలు

ఆకలి కారణం కాదని తేలాక తెగుళ్ల వైపు చూడాలి. ముచ్చట కోడైనా నాటుకోడైనా టీకా తప్పదు. పిల్లలకు 5 నుంచి 7 రోజుల మధ్య కొక్కెర తెగులుకు లసోటా చుక్కలు కంట్లో గాని ముక్కులో గాని వేయాలి. 28వ రోజున మళ్లీ వేయాలి. ఆరేడు వారాలకు మశూచి టీకా, 8 నుంచి 10 వారాల మధ్య కొక్కెర తెగులుకు ఆర్‌2బి టీకా రెక్క కింద చర్మంలో వేయించాలి. సీసాలో వంద, అంతకు మించిన మోతాదులుంటాయి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. నాలుగు కోళ్లకు ఒక సీసా విప్పడం నష్టం. వీధిలో పది ఇళ్లవారు ఒక రోజు పెట్టుకుని కలిసి వేయించుకోండి. మంచుముక్కల డబ్బాలోనే తేవాలి.

సిల్కీలకు మారెక్స్ అనే తెగులు ఎక్కువగా తగులుతుంది. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాపి పడిపోవడం దాని గుర్తు. వచ్చాక మందు లేదు. పిల్ల పుట్టిన మొదటి రోజే హేచరీలో టీకా పడాలి. కొనేటప్పుడు ఆ మాట అడగండి.

కాళ్లకు ఈకలున్న కోళ్లకు పొలుసుల కింద గజ్జి పురుగు చేరుతుంది. పొలుసులు లేచి కాళ్లు లావుగా, సున్నం పూసినట్టు కనిపిస్తాయి. గోరువెచ్చని సబ్బు నీటితో కడిగి, ఆరాక కొబ్బరినూనె గాని వేపనూనె కలిపిన నూనె గాని వారానికి రెండుసార్లు రాయాలి. తగ్గకపోతే పశువైద్యుడిని అడగాలి. బొచ్చు లోపల పేలు ఉన్నాయేమో నెలకోసారి విప్పి చూడాలి. మూడు నెలలకోసారి ఏలికపాముల మందు తాగించాలి.

పోట్ల గాయానికి పొవిడోన్ అయోడిన్ పూసి, కోడిని చీకటి గంప కింద తోటి కోడి కనిపించేలా ఉంచండి. గాయం పూర్తిగా మానాక, తోడు కోడితో పాటు, సాయంత్రం వేళే తిరిగి కలపాలి.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. అలాంటి వార్త విన్నప్పుడు కోళ్లను బయటికి వదలకూడదు, కొత్త కోళ్లు తేకూడదు. ఒక్కసారిగా నాలుగైదు కోళ్లు చచ్చినా, జుత్తు నీలంగా మారినా కోయవద్దు, అమ్మవద్దు. దగ్గరి పశువైద్యశాలకు వెంటనే తెలపండి. చచ్చిన కోడిని ఎట్టి పరిస్థితుల్లోనూ బందరు కాలువలోనో రైవస్ కాలువలోనో విసరవద్దు. ఆ నీళ్లే దిగువ ఊళ్ల కోళ్లు, బాతులు తాగుతాయి.

గుర్తుంచుకోండి

• ఒంటరిగా కాదు, మూడింటికి తక్కువ కాకుండా తెండి.
• మూడు నాలుగు వారాలు దూరంగా, ఆపై వారం పది రోజులు జాలీ పక్కన ఉంచండి.
• మేత తొట్లు, నీళ్ల తొట్లు రెండేసి, ఒకదాని నుంచి ఒకటి కనపడకుండా పెట్టండి.
• అసీల్‌తో, గిన్నెకోళ్లతో కలపవద్దు.
• కళ్ల మీది ఈకలు కత్తిరించండి.
• రోజూ సాయంత్రం మేతసంచి, వారానికోసారి బరువు చూడండి.

పెరట్లో కోడి పెంచేవారికి ఒక అలవాటుంది. మేత చల్లి వెనుదిరిగి పోతారు. మందంతా పరిగెత్తుకొస్తే అన్నీ తిన్నాయనుకుంటారు. రేపు మేత వేశాక ఐదు నిమిషాలు అక్కడే అరుగు మీద కూర్చోండి. ఏ కోడి ముందు తింటోందో, ఏది వెనక్కి తగ్గి గోడ వారగా నిలబడి చూస్తోందో గమనించండి. ఆ నిలబడి చూసే కోడికి సాయంత్రం సంచి తడమండి. ఖాళీగా ఉంటే రెండో తొట్టి పెట్టండి. ఒక పాత మూకుడు, తాటాకు తడిక ఉంటే చాలు. మెత్తని కోడికీ మేత దక్కుతుంది.